ఉలికి పదును, కర్రకు నూనె: ఇంటి పనికి రెండూ చూసి కొనాలి

తలుపు కింద పట్టీ ఊడింది. మంచం కోడు కదులుతోంది. పార పిడి విరిగింది. పశువుల పాకలో గాటికి పలక పుచ్చిపోయింది. ఒకప్పుడు ఇలాంటి పనులకు ఊరి వడ్రంగికి కబురు పెడితే సాయంత్రానికి వచ్చి చేసిపెట్టేవాడు. ఏడాదికోసారి కళ్లంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు. ఆ కట్టుబాట్లు చాలా ఊళ్లలో పోయాయి. వడ్రంగులు పట్నాలకు, పెద్ద పెద్ద కట్టడాలకు పోతున్నారు. చిన్న పని కోసం వారం రోజులు ఎదురు చూడవలసి వస్తోంది. అందుకే ఇప్పుడు ఊళ్లలో చాలామంది తామే రంపం, సుత్తి పట్టుకుంటున్నారు. ఇది మంచిదే. కానీ సంతలో కంటికి నదురుగా కనిపించిన పనిముట్టు కొని, ఇంట్లో ఉన్న ఏదో ఒక నూనె పూసి, ఆర్నెల్లకు చెక్క బూజు పట్టిందని బాధపడేవారూ ఉన్నారు. కొందరికి వేళ్లు తెగుతున్నాయి. నూనె గుడ్డల వల్ల ఇళ్లు తగలబడే ప్రమాదం కూడా ఉంది. ఇది ఎక్కువమందికి తెలియదు.

శ్రీకాకుళం జిల్లాలో కర్రకు కొదవ లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు లెక్కలేనన్ని నేలకూలాయి. ఆ కలపలో ఎక్కువ భాగం పొయ్యిలోకి పోయింది. చేవ ఉన్న మానును కోయించి, ఆరబెట్టి దాచుకున్నవారికి మాత్రం తలుపులకూ బల్లలకూ కర్ర మిగిలింది. గాలివాన మన ప్రాంతానికి కొత్త కాదు. చెట్టు పడితే ఏం చేయాలి, ఏ పనిముట్టు కొనాలి, ఏ నూనె పూయాలి అన్నవి ముందే తెలిసి ఉండడం మంచిది.

ఏ కర్ర ఎందుకు?

మాను మధ్యలో ముదురు రంగులో ఉండేది చేవ. చుట్టూ తెల్లగా ఉండే భాగంలో పిండి పదార్థం ఎక్కువ. పుచ్చు పురుగు ముందుగా పట్టేది దాన్నే. కాబట్టి ఏ చెట్టయినా తెల్ల భాగాన్ని వీలైనంత తీసివేసి వాడాలి.

పనస చేవ పసుపు రంగులో ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబారుతుంది. చెదను బాగానే తట్టుకుంటుంది. బొబ్బిలి వీణలు చేసేది ఈ కర్రతోనే. తలుపులకు, పెట్టెలకు, పీటలకు ఇది శ్రేష్ఠం. వేప గట్టిదే కానీ సరిగా ఆరకపోతే మెలి తిరుగుతుంది. నల్లతుమ్మ దెబ్బను ఓర్చుకుంటుంది. బండి చక్రాలకు, పార, గునపం, గొడ్డలి పిడులకు పెద్దలు దాన్నే ఎంచుకున్నారు. మామిడి పలక చవకగా వస్తుంది. కానీ తేమ తగిలితే పుచ్చుతుంది. ఇంటి లోపలి అరలకే వాడాలి. ముదిరిన కొబ్బరి మానులో మొదలు వైపు, అందునా బయటి అంచు గట్టిగా ఉంటుంది. వాసాలకు పనికివస్తుంది. లోపలి మెత్తటి భాగం ఎందుకూ కొరగాదు. జీడిమామిడి కర్ర మెత్తన. పళ్ల పెట్టెలకు సరిపోతుంది గానీ తలుపుకు కాదు.

టేకు వంటి కొన్ని జాతుల చెట్లు సొంత పొలంలో ఉన్నా సరే, కొట్టాలన్నా తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. కోత మిల్లుకు బండి కట్టేముందే ఆ శాఖ కార్యాలయంలో విచారిస్తే తర్వాత తిప్పలు ఉండవు.

ఆరని కర్రతో పని చేయరాదు

పచ్చి కర్రతో చేసిన తలుపు వేసవి వచ్చేసరికి బీటలు వారుతుంది. వానాకాలంలో ఉబ్బి గడపకు పట్టేస్తుంది. తప్పు వడ్రంగిది కాదు, తొందరది. అంగుళం మందం పలక నీడన ఆరడానికి ఇంచుమించు ఏడాది పడుతుందని లెక్క. మెత్తటి కర్రకు ఇంకొంత తక్కువ చాలు.

కోయించిన పలకలను నేల మీద పెట్టరాదు. అడుగు ఎత్తున ఇటుకలు పేర్చి, వాటిపై దుంగలు వేసి, పలకకూ పలకకూ మధ్య రెండడుగులకొక సన్నబద్ద చొప్పున పెట్టి దొంతరగా పేర్చాలి. బద్దలన్నీ ఒకదాని మీద ఒకటి నిలువుగా వరుసలో ఉండాలి. అలా లేకపోతే పలక మధ్యలో కుంగుతుంది. ఎండ, వాన తగలకుండా పైన కప్పు ఉండాలి. పక్కలకు గాలి ఆడాలి. పలకల రెండు కొనలకు పాత రంగో, మైనమో పూస్తే కొనలు త్వరగా ఆరిపోయి పగిలే బాధ తగ్గుతుంది.

మానులను కొన్ని వారాల పాటు చెరువులో నానవేసే పాత అలవాటు వెనుక కారణం ఉంది. తెల్ల భాగంలోని పిండి నీటిలోకి పోతుంది. ఆ తర్వాత పుచ్చు పురుగుకు అందులో తిండి తగ్గుతుంది.

మొదట కొనవలసినవి ఎనిమిదే

ఒకేసారి పెట్టెడు సామాను కొననవసరం లేదు. ఇంటి పనికి ఈ ఎనిమిది చాలు: చేతిరంపం, మూడు ఉలులు, చిత్రిక, సుత్తి, మూలమట్టం, బర్మా, సానరాయి, కొలత టేపు. మిగిలినవి పని పడినప్పుడు కొనుక్కోవచ్చు. తక్కువ రకం పన్నెండు ఉలుల పెట్టె కంటే మంచి ఉక్కుతో చేసిన మూడు ఉలులే మేలు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఉన్నా, ఈ పనిలో మద్దెల నిజంగానే ఓడు కావచ్చు. కాబట్టి కొనేటప్పుడే పరీక్షించాలి.

రంపం: అంగుళానికి ఏడెనిమిది పళ్లున్నది మామూలు కోతకు, పది పన్నెండు పళ్లున్నది నునుపు కోతకు పనికివస్తుంది. ఒకటే కొనేవారు ఎనిమిది పళ్లది తీసుకోవాలి. దుకాణంలోనే రేకును మెల్లగా వంచి వదలాలి. తిన్నగా యథాస్థానానికి వస్తే మంచి ఉక్కు. వంకర మిగిలితే వద్దు. పళ్లు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి సమంగా వాలి ఉండాలి. వాలు సమంగా లేకపోతే రంపం గీత తప్పి ఒకవైపుకు లాగుతుంది.

ఉలి: పావు అంగుళం, అర అంగుళం, అంగుళం వెడల్పువి మూడు చాలు. ఆకురాయితో అంచు దగ్గర మెల్లగా రాసి చూడాలి. ఆకురాయి జారిపోతే ఉక్కు గట్టిది. సులువుగా కొరికితే మెత్తది, పదును నిలవదు. పిడి కొసన ఇనుప కట్టు ఉంటే సుత్తి దెబ్బకు చీలదు. ఊళ్లో కమ్మరి ఉంటే లారీ కమాను పట్టీతో ఉలి కొట్టించుకోవచ్చు. అది మంచి ఉక్కు. నీళ్లు పట్టడం తెలిసిన కమ్మరి చేస్తే బజారు ఉలికి తీసిపోదు.

చిత్రిక: కొందరు తోపడా అంటారు. అడుగు పైచిలుకు పొడవు, రెండంగుళాల బ్లేడు ఉన్నది ఇంటికి సరిపోతుంది. అడుగు భాగంపై మూలమట్టం అంచును నిలువుగా ఆనించి వెలుతురుకెదురుగా పట్టి చూడాలి. మధ్యలో వెలుగు కనిపిస్తే అడుగు సమంగా లేదని అర్థం. అలాంటి చిత్రికతో పలక ఎన్నటికీ సమం కాదు.

మూలమట్టం: దీన్ని పరీక్షించడం చాలా తేలిక. తిన్నటి అంచున్న పలకపై ఆనించి ఒక గీత గీయాలి. మూలమట్టాన్ని తిరగవేసి అదే చోట ఇంకో గీత గీయాలి. రెండు గీతలూ కలిస్తే సరైనది. ఎడం వస్తే తప్పుడు మట్టం. తప్పుడు మట్టంతో చేసిన తలుపు ఏ ద్వారబంధంలోనూ కుదురుగా కూర్చోదు.

సుత్తి: అర కిలోకు లోపు బరువున్నది చాలు. మేకు పీకే కొక్కెం ఉంటే మరీ మంచిది. ఉలిని కొట్టడానికి ఇనుప సుత్తి కాకుండా కొయ్య సుత్తి వాడాలి. తుమ్మ మొద్దుతో దాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు.

పదును లేని ఉలే ప్రమాదం

పదునుగా ఉన్న ఉలికి భయపడతాం. నిజానికి గాయాలు చేసేది మొద్దు ఉలి. అది కర్రలోకి దిగదు. బలం పెట్టి నెడతాం. జారి అవతలి చేతిలో దిగుతుంది. ఉలి వెళ్లే దారిలో చెయ్యి పెట్టకూడదు. పలకను చేత్తోనో కాలితోనో అదిమిపట్టి పని చేయరాదు. బల్లకు బిగించి చేయాలి.

ఉలి వెనుక భాగం అద్దంలా చదునుగా ఉండాలి. మొదట దాన్ని సానరాయిపై రుద్దాలి. తర్వాత ముందువైపు వాలును 25 నుంచి 30 డిగ్రీల కోణంలో రాయికి ఆనించి, కోణం చెదరకుండా నూరాలి. వాలు పొడవు ఉలి మందానికి రెట్టింపు ఉంటే కోణం సరిగ్గా ఉన్నట్టే. వెనుకవైపు సన్నటి రజను చేతికి తగిలేదాకా నూరి, తిప్పి ఒకటి రెండుసార్లు రుద్ది దాన్ని తీసేయాలి. పదునైన ఉలి కాగితాన్ని చింపదు, కోస్తుంది. కరెంటు సానకు పెడితే ఘడియకోసారి నీళ్లలో ముంచాలి. అంచు నీలి రంగుకు తిరిగిందంటే నీరు పోయినట్టే. ఆ మేరకు ఉక్కు మెత్తబడిపోతుంది.

కరెంటు పనిముట్లు

ఇంటికి ఒక డ్రిల్లు మిషను ఉంటే బర్మా పని, మరమేకుల పని రెండూ జరుగుతాయి. 500 వాట్లది, వేగం తగ్గించుకునే వీలున్నది తీసుకోవాలి. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగు ఉన్న సాకెట్టు తప్పనిసరి. తడి నేలపై, ఒట్టి కాళ్లతో పని చేయరాదు. మెడలో కండువా, వేలాడే లుంగీ చెరగు తిరిగే మిషనుకు చుట్టుకుంటాయి. కండువా తీసి పక్కన పెట్టి, లుంగీ బిగించి కట్టుకున్నాకే స్విచ్చి వేయాలి.

ఇనుము కోసే గ్రైండరుకు కర్ర కోసే పళ్ల చక్రం బిగించి వాడడం ఈ మధ్య ఎక్కువైంది. ఇది చాలా ప్రమాదం. గ్రైండరు వేగానికి పళ్లు కర్రలో పట్టుకోగానే మిషను ఎగిరి మనిషి మీదికి వస్తుంది. చక్రానికి ఉండే కవచాన్ని తీసేసి మరీ వాడుతున్నారు. ఎంత తొందర పనయినా ఇది వద్దు. చేతిరంపంతో పది నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే.

రంపపు పొట్టును తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కర్ర ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. ముక్కుకు గుడ్డ గానీ మాస్కు గానీ కట్టుకోవాలి. ఉప్పు కాగితం రుద్దే పని ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి చేయాలి. పసిపిల్లలను దూరంగా ఉంచాలి.

ఏ నూనె ఆరుతుంది, ఏది ఆరదు?

కర్రకు నూనె పూయడమంటే ఏ నూనె అయినా ఒకటే అనుకోవడం పొరపాటు. నూనెల్లో ఆరేవి, ఆరనివి అని రెండు రకాలున్నాయి. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె, ఆముదం, వేపనూనె ఆరవు. పూసిన నెల తర్వాత కూడా చేతికి జిడ్డు అంటుతుంది. దుమ్ము పట్టి నల్లబడుతుంది. వంట నూనె అయితే ముక్క వాసన కూడా వస్తుంది.

అవిసె గింజల నూనె అలా కాదు. అది గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని కర్ర పొరల్లోనే గట్టిపడుతుంది. నీరు ఇగిరినట్టు ఇగిరిపోదు. రంగుల దుకాణంలో లిన్‌సీడ్ ఆయిల్ అని అడిగితే రెండు రకాలు చూపిస్తారు. పచ్చి నూనె ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. డబుల్ బాయిల్డ్ అని డబ్బాపై ఉండేది ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది. త్వరగా ఆరడానికి అందులో లోహ లవణాలు కలుపుతారు. కాబట్టి తిండి తగిలే వస్తువులకు అది వాడకూడదు. గరిటె, పప్పుగుత్తి, చపాతీ పీట, అప్పడాల కర్ర వంటి వాటికి మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ పలుచగా పూసి తుడిస్తే చాలు.

టేక్ ఆయిల్ పేరుతో అమ్మే డబ్బా చూసి అది టేకు చెట్టు నుంచి తీసిన నూనె అనుకోరాదు. సాధారణంగా అవిసె నూనె వంటి ఆరే నూనెలో వార్నిష్, టర్పెంటు కలిపి తయారు చేస్తారు.

పూసే పద్ధతి

ముందు చెక్కను 80 నంబరు, తర్వాత 120, చివర 180 నంబరు ఉప్పు కాగితంతో పొర వెంట రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీతలు నూనె పట్టాక బయటపడతాయి. పొడిగుడ్డతో ధూళి తుడవాలి. మొదటి పూతకు నూనె, టర్పెంటు సమపాళ్లలో కలిపి గుడ్డతో పట్టించాలి. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి, పైన నిలిచిన నూనెనంతా పొడి గుడ్డతో తుడిచేయాలి. ఈ తుడవడమే ముఖ్యం. తుడవకపోతే పైన జిగురులాంటి పొర కట్టి ఎన్నాళ్లకూ ఆరదు. ఒక రోజు ఆరనిచ్చి, టర్పెంటు లేకుండా రెండో పూత, మర్నాడు మూడో పూత వేయాలి. మూడడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తున్న తలుపుకు రెండువైపులా మూడు పూతలకు ఇంచుమించు లీటరు నూనె పడుతుంది.

ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోరాదు. సంక్రాంతి దాటాక ఉగాది లోపు మన ప్రాంతంలో గాలి పొడిగా ఉంటుంది. అదే తగిన కాలం.

పార, గొడ్డలి పిడులకు ఏడాదికోసారి ఈ నూనె పట్టిస్తే పగుళ్లు రావు. చేతులు బొబ్బలెక్కవు. ఇనుప పనిముట్లకు మాత్రం ఆరని నూనె మంచిది. ఉలులను, రంపాలను పని అయ్యాక కొబ్బరి నూనె గుడ్డతో తుడిచి పెడితే ఉప్పుగాలికి తుప్పు పట్టవు.

నూనెతో అన్నీ ఆగవు

అవిసె నూనె చెక్కకు అందం ఇస్తుంది. తేమను కొంత ఆపుతుంది. చెదను ఆపదు. ఎండకు, వానకు నిలవదు. తీర ప్రాంతంలో బయటి తలుపుకు ఈ నూనె ఒక్కటే పూస్తే నల్ల బూజు పడుతుంది. వాన కొట్టే వైపు తలుపులకు, కిటికీలకు ఆయిల్ పెయింటు గానీ, బయటి వాడకానికి తగిన వార్నిష్ గానీ వేయాలి.

లోపలి చెక్కకు పుచ్చు, చెద బాధ ఉంటే బోరాక్స్ మందు వాడవచ్చు. పది లీటర్ల నీటిలో 300 గ్రాముల బోరాక్స్, 200 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించాలి. గోరువెచ్చటి నీరయితే త్వరగా కరుగుతుంది. పూత లేని చెక్కను అందులో నానబెట్టాలి. పెద్ద పలకయితే రెండు మూడుసార్లు బాగా తడిసేలా పూయాలి. పూర్తిగా ఆరాక నూనె వేయాలి. ఈ మందు వానకు కొట్టుకుపోతుంది. కనుక బయట వాడి లాభం లేదు. పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచాలి. గాటికి వంటి పశువులు నాకే చెక్కకు వాడరాదు.

జీడి తొక్క నుంచి తీసే నూనెను పడవలకు పూయడం తీరంలో పాత అలవాటు. అది గట్టిపడుతుంది. పురుగును రానీయదు. కానీ పచ్చిది తగిలితే చర్మం పొక్కుతుందని జీడి పనిచేసే వారెవరిని అడిగినా చెబుతారు. రబ్బరు తొడుగులు లేకుండా ముట్టరాదు. ఇంటి లోపలి సామానుకు వద్దు.

మోటారు బండి నుంచి తీసిన కాలిన ఇంజను నూనెను దూలాలకు, పశువుల పాకకు పూసేవారున్నారు. చవకే కావచ్చు. అందులో ఒంటికి హాని చేసే పదార్థాలుంటాయి. అది ఆరదు. మంచానికి, గాదెకు, గాటికి, తలుపుకు పూయనే కూడదు.

నూనె గుడ్డతో జాగ్రత్త

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. చెక్క మీద పలుచగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేస్తే వేడి బయటికి పోలేదు. లోపల పెరిగి పెరిగి కొన్ని గంటల్లో దానంతట అదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కరలేదు. తడి ఆరని గడ్డి కుప్ప వేస్తే లోపల చెయ్యి కాలేంత వేడి పుట్టడం రైతులకు తెలిసిందే. కారణం వేరైనా వేడి లోపలే చిక్కుకోవడం రెండింటిలోనూ ఒకటే.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 1991 ఫిబ్రవరి 23న 38 అంతస్తుల భవనంలో మంటలు లేచాయి. చెక్క పనికి వాడి వదిలేసిన అవిసె నూనె గుడ్డలే కారణమని తేలింది. మంటలార్పడానికి వెళ్లిన ముగ్గురు సిబ్బంది చనిపోయారు. అన్ని వసతులున్న భవనానికే ఆ గతి పడితే, తాటాకు కప్పు, పక్కన గడ్డివాము, మూలన రంపపు పొట్టు బస్తా ఉన్న ఇంటి సంగతి చెప్పనవసరం లేదు.

చేయవలసింది చిన్న పని. గుడ్డలను విప్పి, ఒకదాని మీద ఒకటి పడకుండా ఆరుబయట రాతి మీదనో, ఇనుప తీగ మీదనో పరచాలి. గట్టిగా అట్టలా ఆరిపోయాక పారేయవచ్చు. లేదా వెంటనే నీళ్ల బక్కెట్లో ముంచి ఉంచాలి. నూనె పడిన రంపపు పొట్టును కూడా కుప్పగా ఉంచరాదు. టర్పెంటు డబ్బా మూత బిగించి పొయ్యికి దూరంగా పెట్టాలి.

వృత్తిదారులకు సాయం

ఇంటి పని వేరు, ద్వారబంధాలు, ఇంటి కప్పు దూలాల పని వేరు. బరువు మోసే పనులు చెయ్యి తిరిగిన వడ్రంగికే అప్పగించాలి. ఆ వృత్తిలో ఉన్నవారి కోసం 2023 సెప్టెంబర్ 17న కేంద్ర ప్రభుత్వం పీఎం విశ్వకర్మ పథకం ప్రారంభించింది. ఆ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం, కమ్మరం ఉన్నాయి. శిక్షణతో పాటు పనిముట్లకు రూ.15,000 వరకు సాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష రూపాయల వరకు, తర్వాత రెండు లక్షల వరకు అప్పు అందులోని ముఖ్యాంశాలు.

కొత్తగా నేర్చుకునేవారు మొదట ఒక పీట చేయడం మంచిది. అడుగున్నర పొడవు పలక, రెండు అడ్డ కాళ్లు, నాలుగు మరమేకులు చాలు. కొలవడం, కోయడం, చిత్రిక పట్టడం, నూనె పూయడం అన్నీ ఆ ఒక్క పీటతో వస్తాయి. వంకర వచ్చినా నష్టం పలక ముక్కే. పని ముగిసిన రాత్రి ఉలులు తుడిచి పెట్టారో లేదో మర్నాడు చూసుకోవచ్చు. నూనె గుడ్డ విప్పి ఆరేసిందీ లేనిదీ మాత్రం పడుకునే ముందే చూసుకోవాలి.